జెట్ స్కీలో నీళ్లు: ముందు ఎప్పుడు వస్తున్నాయో చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది నిదానంగా రెండుసార్లు చదివాను. గోవా నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన మూడు సీట్ల సీ-డూ కంపెనీ జెట్ స్కీ, పదేళ్లు దాటిన బండి. కరీంనగర్ మానేరు డ్యామ్‌లో అరగంట తిప్పి ఒడ్డుకు తెచ్చి వెనక ప్లగ్గులు విప్పితే దాదాపు 15 లీటర్ల నీళ్లు పోతున్నాయి. ఎంసీల్ పెట్టావు, సిలికాన్ ట్యూబులు రెండు ఖాళీ చేశావు, తగ్గలేదు. ఇంజన్ పక్క గోడలకు నల్లటి పొడి కనిపిస్తోంది, "కార్బన్ సీల్ (షాఫ్ట్ దగ్గర నీళ్లు రాకుండా ఆపే రింగు) ఆర్డర్ పెట్టమంటావా అన్నా" అని అడిగావు.

ఇప్పుడే పెట్టకు. నల్ల పొడిని బట్టి నాకూ అనుమానం దాని మీదకే పోతోంది, కానీ అనుమానంతో పార్టులు కొంటే డబ్బులు పోతాయి, నీళ్లు మాత్రం అలాగే వస్తాయి. నేను హనుమకొండలో ఫైబర్ పని మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు దాటింది. మొదట ట్యాంకులు, డోర్లు చేసేవాణ్ణి, తర్వాత బోట్లు, ఈ మధ్య ఎనిమిదేళ్లుగా జెట్ స్కీలు కూడా వస్తున్నాయి. లీకు అని వచ్చిన ప్రతి బండికీ లోపల ఎవరో ఒకరు ముందే సిలికాన్ పూసి ఉంటారు. అసలు రంధ్రం ఎక్కడుందో చూసి పూసినవాళ్లు తక్కువ.

మా ఊరి చెరువుకు నీరటి పని చేసిన తాత ఒకాయన ఉండేవాడు. కట్టకు బుంగ పడిందని ఎవరైనా పరిగెత్తుకొస్తే ఆయన మట్టి తట్ట పట్టుకుని పోయేవాడు కాదు. ముందు పోయి కట్ట కింద కూర్చుని చూసేవాడు. నీళ్లు తేటగా వస్తున్నాయా, ఎర్రగా మట్టి కలిసి వస్తున్నాయా? చెరువు నిండినప్పుడే వస్తున్నాయా, సగం నీళ్లున్నా వస్తున్నాయా? తేట నీళ్లయితే ఊట, తొందర లేదు. మట్టి నీళ్లయితే లోపల కట్ట తెగుతోంది, ఆ రాత్రి ఎవరూ పడుకోకూడదు. నీ బండి దగ్గర కూడా అదే పని చెయ్యాలి. నీళ్లు ఎక్కడి నుంచి అన్న ప్రశ్న తర్వాత. ముందు ఎప్పుడు వస్తున్నాయి, ఏ రంగులో వస్తున్నాయి అన్నది తేలాలి.

ఒక లెక్క చెప్తాను, రంధ్రం ఎంతుంటుందో అంచనా వస్తుంది. నీటి మట్టానికి 20 సెంటీమీటర్ల లోతులో, అంటే జానెడుకు కాస్త తక్కువలో, 6 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే నిమిషానికి సుమారు 2 లీటర్లు లోపలికి వస్తాయి. అదే 3 మిల్లీమీటర్లయితే నిమిషానికి అర లీటరు. నీకు అరగంటలో 15 లీటర్లు, అంటే సరిగ్గా ఈ రెండో లెక్క. అగ్గిపుల్ల కంటే కాస్త లావు రంధ్రం చాలు. నువ్వు చెయ్యి పట్టేంత పగులు వెతుకుతున్నావేమో, అలాంటిది ఉండదు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకో. నీ బండికి వెనక పంపు నుంచి దూసుకుపోయే నీటి ధార లాగే లాగుడుతో లోపలి నీళ్లను బయటికి పీల్చే సన్న పైపులుంటాయి, వాటిని బెయిలర్లు అంటారు. బండి వేగంగా పోతున్నంతసేపూ అవి నీళ్లు తోడుతూనే ఉంటాయి. కాబట్టి నువ్వు కొలిచిన 15 లీటర్లు వచ్చిన నీళ్లు కావు, తోడగా మిగిలిన నీళ్లు. నిజంగా వచ్చేవి అంతకంటే ఎక్కువే ఉండొచ్చు.

పని మొదలుపెట్టే ముందు సీటు తీసి పది నిమిషాలు గాలి ఆడనివ్వు. లోపల పెట్రోలు ఆవిరి నిలిచి ఉంటుంది, మూసిన హల్‌లో, అంటే బండి అడుగు డొప్పలో, ఒక్క స్పార్క్ చాలు. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పెయ్. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడు. ఆయిల్ పాలు కలిసిన టీలా కనిపిస్తే ఇక ఈ పరీక్షలన్నీ ఆపెయ్, నీళ్లు ఇంజన్‌లోకి పోయాయి, ముందు దాని సంగతి చూడాలి.

తర్వాత శుభ్రం చెయ్యడం. విసుగు పుట్టే పని, కానీ సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. నువ్వు పూసిన సిలికాన్ అంతా ప్లాస్టిక్ చెక్కతో గీకి తీసెయ్. సిలికాన్ ఉన్న చోట రేపు రెజిన్ (ఫైబర్ పనికి వాడే జిగురు ద్రవం) అంటదు, ఇంకో సీలెంట్ కూడా అంటదు, అసలు సిలికాన్ మీద కొత్త సిలికానే సరిగ్గా అంటదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ బాత్రూమ్ అద్దాలకు పనికొస్తుంది, నీళ్ల కింద ఉండే ఫిట్టింగులకు కాదు. జిడ్డు పోయేలా సబ్బు నీళ్లతో కడిగి, పాత బనియన్ గుడ్డలతో పొడిగా తుడువు. తుడిచేటప్పుడే పైపుల క్లాంపులన్నీ వేలితో తడిమి చూడు. గోవా బండి కాబట్టి ఉప్పు నీళ్లు తాగి ఉంటుంది. క్లాంపు పైన మెరుస్తున్నా అడుగున, స్క్రూ దగ్గర తుప్పు తినేసి ఉంటుంది. నీ చేతిలోనే తెగిపోయే క్లాంపు ఒకటైనా దొరుకుతుందని నా నమ్మకం. దొరికితే అన్నీ మార్చెయ్, మెరైన్ స్టెయిన్‌లెస్ రకం తీసుకో.

ఇక వెనక డ్రైన్ ప్లగ్గులు. అందరూ చివర్లో చూస్తారు, నేను మొదట చూస్తాను. ప్లగ్గు మీద ఉండే ఓ-రింగు మన ఎండకు గట్టిపడి, గోటితో నొక్కితే గుంట పడదు. అలా ఉంటే అది పని చెయ్యదు. బండి ట్రైలర్ మీద ఉండగానే ప్లగ్గులు బిగించి, ఇంజన్ రూమ్ వెనక భాగంలో రెండు మగ్గుల నీళ్లు పోసి, కింద నేల మీద పొడి పేపరు పరిచి అరగంట వదిలెయ్. పేపరు మీద చుక్క పడితే సగం సమస్య ఇరవై రూపాయల రబ్బరుతో తీరింది. ప్లగ్గు కూర్చునే గుంత అంచు కూడా చూడు. అది కదులుతుంటే దాని స్క్రూల పక్క నుంచి నీళ్లు లోపలికి పోతాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. మూడు అంకెలు కావాలి నాకు.

మొదటిది, బండిని నీళ్లలో దింపి, ఇంజన్ ఆపి, ఎవరూ ఎక్కకుండా ఒడ్డుకు తాడుతో కట్టి అరగంట వదిలెయ్. సీటు తీసి ఉంచు. లోపల పూర్తిగా పొడిగా ఉండాలి. ప్లగ్గుల దగ్గర, షాఫ్ట్ గోడ దాటే చోట, స్టీరింగ్ కేబుల్, రివర్స్ కేబుల్ వచ్చే చోట, ముందు ముక్కు భాగంలో చిన్న చిన్న పేపరు ముక్కలు పరుచు. మొబైల్ టార్చి వేసి ఐదు నిమిషాలకోసారి చూస్తూ ఉండు. ఏ ముక్క ముందు తడిసిందో అదే దారి. అరగంటకు నీళ్లెన్నో మగ్గుతో కొలిచి రాసుకో. రెండోది, అలాగే కట్టి ఉంచి, మామూలుగా ఎంతమంది ఎక్కుతారో అంతమందిని ఎక్కించు, లైఫ్ జాకెట్లు వేసుకుని. మనుషులు కూర్చుంటే వెనక భాగం కిందికి దిగుతుంది, అప్పటిదాకా నీటి పైన ఉన్న కేబుల్ రంధ్రాలు, ఎగ్జాస్ట్ బయటికి వచ్చే చోటు మునుగుతాయి. మొదటి పరీక్షలో నీళ్లు రాకుండా రెండోదానిలో వస్తే వెతకాల్సిన చోటు బాగా చిన్నదైపోయింది. మూడోది, లోతైన నీళ్లలో బండి తిప్పడం. ఐదు నిమిషాలు నెమ్మదిగా, ఒడ్డుకు వచ్చి చూడు. ఐదు నిమిషాలు నేరుగా వేగంగా, మళ్లీ చూడు. ఐదు నిమిషాలు గట్టి మలుపులు తిప్పుతూ, మళ్లీ చూడు. మూడడుగుల కంటే తక్కువ లోతులో ఇంజన్ మాత్రం స్టార్ట్ చెయ్యకు, అడుగున ఉన్న కంకర పంపులోకి లాక్కుంటుంది. ప్లగ్గులు నీళ్లలో ఉండగా ఎప్పుడూ విప్పకు, ప్రతిసారీ ట్రైలర్ మీదకు తెచ్చాకే.

ఈ మూడో పరీక్షకు ముందు లోపలి గోడలకు, షాఫ్ట్ చుట్టుపక్కల, పైన డెక్కు కలిసే అంచు లోపలి వైపు ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లు. నీటి చుక్క జారిన దారి గీతలా కనిపిస్తుంది. ముగ్గుపిండి చేతికి దొరుకుతుంది కదా అని దాన్ని చల్లకు. అది రాతి పొడి, కార్బన్ సీల్ ముఖాల మధ్యకు పోతే గీతలు పడి లేని లీకు మొదలవుతుంది.

ఇప్పుడు అంకెలు చదవడం. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు వస్తున్నాయంటే ప్లగ్గులు, షాఫ్ట్ సీల్, నీటి మట్టం కింద ఉన్న పగులు, పంపు గోడకు బిగించిన చోట, లేదా బెయిలర్ పైపు. ఇంజన్ తిరిగినప్పుడు మాత్రమే వస్తే, ఒత్తిడితో నీళ్లు పోయే పైపుల్లో ఎక్కడో ఉంది. నీ సీ-డూలో ఇంజన్‌ను చల్లబరిచేది లోపలే తిరిగే కూలెంట్, చెరువు నీళ్లు పోయేది ఎగ్జాస్ట్ వైపు. అందుకే నీళ్లలో ఆకుపచ్చగానో నారింజగానో రంగు కనిపించి తియ్యటి వాసన వస్తే అది చెరువు నీళ్లు కాదు, కూలెంట్ పోతోందని అర్థం. యమహా, కవాసాకి బండ్లలో అయితే ఇంజన్‌ను చల్లబరిచేది కూడా చెరువు నీళ్లే, కాబట్టి అక్కడ పైపుల జాబితా ఇంకా పెద్దది. వేగంగా అలల మీద పోయినప్పుడు మాత్రమే వస్తే పై డెక్కు, కింది హల్ అతికిన అంచు మీద అనుమానం.

పైపులను ఒడ్డు మీద కూడా చూడొచ్చు. ఫ్లష్ పోర్టుకు, అంటే కడగడానికి బయటి నుంచి నీళ్లు ఎక్కించే మూతికి, తోట పైపు తగిలించి ఇంజన్ తిప్పి టార్చి వేసి చూడాలి. క్రమం తప్పకూడదు. ముందు ఇంజన్ స్టార్ట్, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టెయ్యాలి, తర్వాత ఇంజన్. తిరగేస్తే ఎగ్జాస్ట్ గుండా నీళ్లు ఇంజన్‌లోకి పోతాయి. ఒక నిమిషం కంటే ఎక్కువ నడపకు, ఎందుకంటే షాఫ్ట్ సీల్‌కు చల్లదనం ఇచ్చేది బయటి నీళ్లే, ట్రైలర్ మీద అవి ఉండవు. తిరిగే షాఫ్ట్ దగ్గరకు చొక్కా కొసలు, కండువా, లైఫ్ జాకెట్ పట్టీలు వేలాడకుండా చూసుకో. ఇది మాట వరసకు చెప్పడం లేదు, నా దగ్గర పని చేసిన పిల్లాడి చొక్కా చుట్టుకుంది ఒకసారి. గుడ్డ పాతది కాబట్టి చిరిగిపోయి చెయ్యి దక్కింది.

నువ్వు అడిగిన కార్బన్ సీల్ సంగతికి వస్తాను. ఇంజన్ నుంచి వెనక పంపుకు పోయే షాఫ్ట్ హల్ గోడను దాటాలి. ఆ చోట కొలిమి తిత్తిలా మడతలు మడతలుగా ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. తిత్తి కొసకు నల్లటి కార్బన్ రింగు. దాని ఎదురుగా షాఫ్ట్‌తో పాటు తిరిగే స్టీలు రింగు. తిత్తి తన బిగువుతో కార్బన్‌ను స్టీలు మీదకు నెట్టి పెడుతుంది. రెండు ముఖాలూ అద్దంలా నున్నగా ఉండి, మధ్యలో కంటికి కనిపించనంత సన్నటి నీటి పొర మీద తిరుగుతాయి. ఇందులో ఎండకు రబ్బరు బిగువు పోవచ్చు, క్లాంపు తుప్పు పట్టొచ్చు, ముఖాల మధ్య ఇసుక రేణువు ఇరుక్కోవచ్చు, స్టీలు రింగు లోపల షాఫ్ట్‌ను పట్టుకునే చిన్న ఓ-రింగులు అరిగిపోవచ్చు. కార్బన్ రింగు కొంత అరగడం మామూలే, అందుకే కొంచెం నల్ల పొడి అన్ని సీ-డూల్లోనూ ఉంటుంది. నువ్వు చూడాల్సింది పొడి ఉందా లేదా అని కాదు. షాఫ్ట్‌కు అటూ ఇటూ గోడల మీద, రింగు ఎత్తులోనే, గీత గీసినట్టు ఒక పట్టీలా ఉందా, ఆ పట్టీ పొడిగా ఉందా, బురదలా తడిసి కారిందా? పొడిగా ఉంటే రింగు అరుగుతోందంతే. తడిసి కిందికి చారలు కారి ఉంటే అక్కడి నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి.

కొనేముందు ఒక పని చెయ్యి. బండి నీళ్లలో ఉండగా, ఇంజన్ ఆపి, బ్యాటరీ వైరు తీసి, కార్బన్ రింగును రెండు బొటనవేళ్లతో వెనక్కి నెట్టి వదులు. మధ్యలోంచి నీళ్లు ఒక్కసారి ఎగజిమ్ముతాయి, భయపడకు, ఇరుక్కున్న ఇసుక ఆ నీళ్లతో కొట్టుకుపోతుంది. రెండు మూడు సార్లు అలా చేసి, తుడిచి, పది నిమిషాలు చూడు. గోవాలో ఇసుక మీద ఎక్కించి దించిన బండ్లలో ఇంతటితో లీకు ఆగిపోయినవి నేను చూశాను. నెట్టేటప్పుడు తిత్తి బిగువుగా ఎదురు తిరగాలి. మెత్తగా, ప్రాణం లేనట్టు వెనక్కి పోయి నెమ్మదిగా వస్తే అప్పుడు ఆర్డర్ పెట్టు, తిత్తి, కార్బన్, స్టీలు రింగు ఓ-రింగులు, క్లాంపులు అన్నీ కలిపి. ఎలాగూ పంపు విప్పి షాఫ్ట్ బయటికి లాగాల్సిందే కదా, ఒక్కో ముక్క కోసం ఒక్కోసారి విప్పడం దండగ. యమహా బండి ఉన్నవాళ్లకు ఈ కార్బన్ రింగు ఉండదు, బేరింగు ఉన్న డబ్బాలో రబ్బరు సీళ్లుంటాయి. దానికున్న గ్రీజు నిపుల్‌కు గన్ పెట్టి బలంగా కొడితే సీలే బయటికి తోసుకుపోతుంది, కాబట్టి కొద్దికొద్దిగా ఎక్కించాలి.

బెయిలర్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే దీన్ని అనుమానించేవాళ్లే ఉండరు. రెండేళ్ల కింద వానాకాలం చివర్లో ఒక బోటింగ్ చోటు నుంచి బండి వచ్చింది. రాత్రి నీళ్లలో కట్టి వదిలేస్తే పొద్దున్నకు సగం మునిగి ఉంటోంది. పగలంతా తిప్పినా బకెట్ నీళ్లు కూడా ఉండవు. వేరే చోట కార్బన్ సీల్ రెండుసార్లు మార్పించారు. నేను మొదటి రోజంతా ఆ సీల్ మీదే కూర్చున్నాను, చుక్క లేదు. సాయంత్రం టార్చి పైకి తిప్పితే కనిపించింది. బెయిలర్ పైపు అడుగు నుంచి లేచి, పైన డెక్కు దాకా పోయి, వంపు తిరిగి, పంపు వైపు దిగాలి. ఆ వంపును పైన పట్టి ఉంచే క్లిప్పు విరిగి, పైపు మొత్తం కిందికి జారి పడుంది. వంపు కొసలో గుండుసూది పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది, గాలి పోవడానికి. అది గ్రీజు, మట్టి కలిసి పూడుకుపోయింది. ట్యాంకర్ నుంచి పైపుతో పెట్రోలు నోటితో లాగి వదిలితే దానంతటదే ఎలా పారుతుందో, ఇక్కడా అంతే. బండి ఆగగానే పైపులో మిగిలిన నీళ్లు దారి పట్టి, బయటి చెరువు నీళ్లు లోపలికి పారడం మొదలయ్యేది. పగలు బండి పరుగెడుతుంది కాబట్టి అదే పైపు నీళ్లు బయటికి లాగేసేది, ఎవరికీ తెలియలేదు. గుండుసూదితో రంధ్రం పొడిచి, పైపును రెండు కేబుల్ టైలతో పైకి కట్టాను. అంతే పని. నీ బండిలో అరగంట ఆపి ఉంచితే నీళ్లు ఎక్కువ, తిప్పితే తక్కువ వస్తుంటే ముందు ఈ పైపు చూడు.

బోల్టుల దగ్గర కూడా తొందరగా ఒక చూపు చూడాలి. కింద పంపు నీళ్లు లాగే జల్లెడ, దాని వెనక అడుగున ఉండే రైడ్ ప్లేట్ అనే పలక బోల్టులు, ముక్కు దగ్గర బండిని ట్రైలర్ మీదకు లాగే వించి పట్టీ తగిలించే యు-బోల్టు. ఈ యు-బోల్టు లాగి లాగి వదులైపోతుంది, నీళ్లు అలలతో పాటు అక్కడి నుంచి దూరి, అడుగున పారి వెనకకు చేరి, లీకు వెనకే ఉందని మోసం చేస్తుంది. వీటిని విప్పి, శుభ్రం చేసి, నీళ్ల కింద పనికొచ్చే పాలీయురెథేన్ సీలెంట్‌తో బిగించు.

హల్, డెక్కు అతికిన అంచును రబ్బరు బంపరు కప్పేసి ఉంటుంది. మన చెరువు కట్టలకు రాతి కట్టడం ఉంటుంది కదా, దానికి ముక్కు ఆనించి బండి ఆపే అలవాటుంటే అక్కడే అతుకు విచ్చుకుంటుంది. బంపరు చాటున ఉంటుంది కాబట్టి అది కంటికి కనిపించదు. సీటు మూసి, గాలి రంధ్రాలకు పాత దుప్పటి గుడ్డలు కుక్కి, ఒక రంధ్రంలో ఆకులు ఊదే బ్లోయర్ పెట్టి నెమ్మదిగా గాలి నింపు, ఇంకొకరు అంచంతా సబ్బు నురుగు రాస్తూ పోవాలి. పంక్చర్ షాపులో ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచితే బుడగ లేచినట్టే లేస్తుంది. కంప్రెసర్ గాలి మాత్రం పెట్టకు, హల్ టైరు కాదు, కొద్ది ఒత్తిడికే అతుకులు విడిపోతాయి.

అన్నీ చూశాక కూడా దొరక్కపోతే హల్ అడుగు పగులు. దీనికి ట్రైలర్ మీదే లోపల నీళ్లు పోసి బయట చూడాలి. నీళ్లలో కాస్త బట్టల నీలం కలుపు, కారిన చోట మరక కనిపిస్తుంది. ఆ నీళ్లను స్టార్టర్ మోటారును, షాఫ్ట్ కప్లింగ్‌ను తాకనివ్వకు. వంద లీటర్లు పోశావంటే వంద కిలోలు ఎక్కించినట్టు, అందుకే అడుగున ఆనింపులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని పోయి.

ఇక్కడ ఒక మాట అడుగుతాను. గోవా నుంచి ఎలా తెచ్చారు? టాటా ఏస్‌లోనో బొలెరో పికప్‌లోనో పాత టైర్లు పరిచి, దాని మీద పెట్టి, తాళ్లు లాగి కట్టి తెచ్చారా? మన దగ్గరికి వచ్చే పగుళ్లలో చాలావాటికి అదే కారణం. బండి బరువంతా టైరు అంచు ఆనిన వేలెడు చోటు మీద పడి, వందల కిలోమీటర్ల గతుకుల్లో కొట్టుకుంటుంది. అడుగున అర్ధచంద్రాకారంలో సన్నటి గీతలుంటే అదే. రూపాయి బిళ్లతో తట్టుతూ పో. గట్టి చోట ఠక్ ఠక్‌మంటుంది, పొరలు విడిపోయిన చోట కుండ పగిలినట్టు మొద్దు శబ్దం వస్తుంది. సాలెగూడులా పైన రంగు పొరలోనే ఉన్న గీతలు లీకు కావు, వాటిని చూసి టెన్షన్ పడకు.

అతికించే ముందు హల్ ఏ పదార్థమో చూసుకో. లోపలి నుంచి గాజు పీచు అల్లిక కనిపిస్తే ఫైబర్‌గ్లాస్, కింద నేను చెప్పే పని చెయ్యొచ్చు. సీ-డూ స్పార్క్ లాంటి బండ్ల హల్ పాలీటెక్ అనే ప్లాస్టిక్ రకం, దానికి పాలియెస్టర్ రెజిన్ అస్సలు అంటదు, దానికి వేరే కిట్ ఉంటుంది. అచ్చులో నొక్కి చేసిన యమహా రకం హల్‌లకు కూడా నేను ఎపాక్సీయే వాడతాను.

పగులు రెండు కొసల్లో 3 మిల్లీమీటర్ల డ్రిల్ రంధ్రం వెయ్, పగులు ఇంకా పాకకుండా ఆగుతుంది. గీకే ముందు అసిటోన్‌తో తుడువు, లేకపోతే మైనం, జిడ్డు గీకుడుతో లోపలికే దిగుతాయి. తర్వాత పగులు చుట్టూ వాలుగా గీకు. మందానికి పన్నెండు రెట్లు వాలు కావాలి. హల్ 4 మిల్లీమీటర్లుంటే ఒక్కో వైపు 48, అంటే దాదాపు మూడు వేళ్ల వెడల్పు. ఇంతెందుకని అందరూ అడుగుతారు. కొత్త పొర పాతదాన్ని పట్టుకునేది ఆ వాలు మీదే, సన్నగా గీకి నింపితే బిరడా పెట్టినట్టుంటుంది, మొదటి అలకు ఊడుతుంది. గీకేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా వేసుకో, గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

తర్వాత ఆరబెట్టు. ఇక్కడే తొందరపడతారు. పగులులోంచి పొరల మధ్యకు, లోపల తేలడానికి పెట్టిన ఫోమ్‌లోకి నీళ్లు చేరి ఉంటాయి. రామప్ప గుడి గోపురం ఇటుకలు నీళ్లలో తేలేది వాటి లోపలి గాలి వల్లే కదా, ఫోమ్ తేలేదీ గాలితోనే. ఆ గాలి గదుల్లో నీళ్లు నిండితే బండి బరువెక్కి వెనక కుంగుతుంది. వేలితో నొక్కితే నీళ్లు ఊరే ఫోమ్‌ను కోసి తీసెయ్యాల్సిందే. మన ఎండాకాలంలో నీడ పట్టున నాలుగు రోజులు, వానల్లో అయితే బల్బు వేడి పెట్టి వారం.

రెజిన్ ట్యాంకులకు వాడే మామూలు జీపీ రకం కాకుండా ఐసో రకం అడుగు, నీళ్లలో ఎక్కువ కాలం నిలుస్తుంది. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గాజు పీచు మ్యాట్ ఒక్కో పొర ఇంచుమించు ఒక మిల్లీమీటరు ఇస్తుంది, కాబట్టి నాలుగైదు పొరలు. నేను పెద్ద ముక్క ముందు వేసి, దాని మీద చిన్నవి వేస్తాను, వాలు మొత్తం ఒకే పొరతో అంటుకుంటుందని. ఎపాక్సీ వాడితే ఈ మ్యాట్ వద్దు, దాని జిగురు పాలియెస్టర్‌లోనే కరుగుతుంది, నేసిన గాజు గుడ్డ తీసుకో. ఎపాక్సీ మీద తర్వాత పాలియెస్టర్ వెయ్యకు, పట్టదు. కిలో రెజిన్‌కు హార్డనర్ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టు, మే నెలలో 42 డిగ్రీల్లో అదే ఎక్కువ, పొద్దున్నే ఎనిమిదిలోపు పని ముగించు.

ఇది మాత్రం మూడుసార్లు చదువు. రెజిన్‌లో కలిపే కోబాల్టు యాక్సిలరేటర్‌ను, హార్డనర్‌ను ఒకదాంట్లో ఒకటి నేరుగా ఎప్పుడూ పొయ్యకూడదు. మంట లేస్తుంది, పేలుతుంది. ముందు కోబాల్టు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డనర్ వేసి కలపాలి. రెండింటికీ ఒకే కొలత గ్లాసు వాడొద్దు, ఒకే గుడ్డతో తుడవొద్దు. హార్డనర్ కంట్లో పడితే చూపు పోతుంది, పడిన క్షణమే నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి పోవాలి.

ఒక్కో పొరలోనూ గాలి బుడగలు రోలర్‌తో నొక్కి తీసెయ్. పైన జెల్‌కోట్ అనే నున్నటి రంగు పొర వేసి దాని మీద ప్లాస్టిక్ షీటు అంటించు, గాలి తగిలితే పైపొర జిగటగానే ఉండిపోతుంది. మర్నాడు షీటు తీసి 220 నుంచి మొదలుపెట్టి 1000 దాకా నీటి కాగితంతో రుద్దు.

పని అయ్యాక అవే మూడు పరీక్షలు, అదే మగ్గుతో. సీటు కింది రబ్బరు, పైన గాలి రంధ్రాల నుంచి చిందిన నీళ్లు ఒకటి రెండు మగ్గులు ఎలాగూ ఉంటాయి, పట్టించుకోకు. ఆ రోజు దాకా టూరిస్టులను ఎక్కించకు తమ్ముడూ, నువ్వు ఒక్కడివే ఒడ్డుకు దగ్గరగా తిప్పు. మధ్యలో బోల్తా పడితే వెనక అంటించిన స్టిక్కరు మీద బాణం ఏ వైపుంటే ఆ వైపే తిప్పి లేపాలి, ఎదురు తిప్పితే ఎగ్జాస్ట్‌లో ఉన్న నీళ్లు ఇంజన్‌లోకి పోతాయి. ఆ స్టిక్కరు చెరిగిపోయి ఉంటే కంపెనీ మాన్యువల్‌లో దిక్కు చూసి పెయింటుతో రాసి పెట్టు.

మొదటి రెండు పరీక్షలకు గంట చాలు, ఈ ఆదివారమే అయిపోతుంది. మూడు అంకెలూ, షాఫ్ట్ పక్క నల్ల పట్టీ ఫోటో, వెనక బెయిలర్ పైపు వంపు కనిపించేలా ఇంకో ఫోటో పెట్టు. కార్బన్ సీల్ కొనాలో వద్దో అవి చూసి చెప్తాను.